అడగండి, చెప్తాను: డ్రమ్ములో ఆగిపోయిన పొంగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పులియబెట్టడం గురించే ఉన్నాయి. ఎండాకాలం కదా, ఇంట్లో ఏది పెట్టినా పొంగుతుంది, పులుస్తుంది, వాసన వస్తుంది. నా గురించి కొత్త పాఠకులకు ఒక మాట. మా నాన్న గీత కార్మికుడు, నేను మైక్రోబయాలజీ చదివి ఒక డిస్టిలరీ ల్యాబులో చాలా ఏళ్ళు షిఫ్టులు చేశాను. అందుకే ఈ విషయం మీద ఎవరైనా అడిగితే రెండు వాక్యాల్లో వదిలిపెట్టలేను.

ప్రశ్న: నమస్తే సార్. మాది కల్వకుర్తి దగ్గర ఊరు. హైదరాబాద్‌లో జాబ్, ఇప్పుడు ఇంటి నుంచే పని. వీడియోలు చూసి వోడ్కా కోసం షుగర్ వాష్ కలిపిన. 20 లీటర్ల నీళ్ళు, 5 కిలోల చక్కెర, బేకరీ సామాన్ల షాపులో కొన్న డ్రై ఈస్ట్ రెండు చిన్న ప్యాకెట్లు. డ్రమ్ము మేడ మీద రేకుల గదిలో పెట్టిన. రెండు రోజులు బుసబుస పొంగింది. నాలుగో రోజుకు చప్పుడు లేదు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, నాలుక మీద వేసుకుంటే ఇంకా తియ్యగనే ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? దీన్ని కుక్కర్‌కు పైపు పెట్టి కాచుకోవచ్చా? అమ్మ తిడుతున్నది గాని నాకు ఇదంతా సైన్స్ లెక్కనే అనిపిస్తున్నది.

జవాబు: తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. కాచుకోవద్దు. ఎందుకో కింద చెప్తాను గానీ, సైన్స్ లెక్క అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చింది, కాబట్టి ముందు ఆ లెక్కే చూద్దాం.

లీటరు ద్రవంలో సుమారు 17 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ తయారవుతుంది. నీ 5 కిలోల చక్కెర కరిగాక అదే మూడు లీటర్ల చోటు తీసుకుంటుంది, అంటే నీ డ్రమ్ములో ఉన్నది 20 కాదు, దాదాపు 23 లీటర్లు. లీటరుకు 217 గ్రాముల చక్కెర. అంతా పులిస్తే 12, 13 శాతం దగ్గరికి పోవాలి. రొట్టెల ఈస్ట్ అంత దాకా పోలేదని కాదు, పోగలదు, కానీ అన్నీ అమర్చిపెడితేనే. నువ్వు దానికి చక్కెర తప్ప ఇంకేమీ పెట్టలేదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఈస్ట్ అంటే పొడి కాదు, ప్రాణం ఉన్న జీవి. చక్కెర దానికి శక్తినిస్తుంది, అంతవరకే. ఒంటికి కండ పట్టాలన్నా, పిల్లల్ని పెట్టాలన్నా నత్రజని కావాలి, భాస్వరం కావాలి, కొన్ని విటమిన్లు, మెగ్నీషియం లాంటి ఖనిజాలు కావాలి. తెల్ల చక్కెరలో ఇవేవీ లేవు, ఫ్యాక్టరీలో శుద్ధి చేసేటప్పుడే అన్నీ తీసేస్తారు. రోజూ మూడు పూటలా ఉత్త పంచదార తిని బతకమంటే మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు? నత్రజని దొరకని ఈస్ట్ హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వదులుతుంది. నీకు వచ్చిన కుళ్ళిన గుడ్డు వాసన అదే. డ్రమ్ము పాడైందని కాదు, లోపల ఉన్నవి ఆకలితో ఉన్నాయని దాని అర్థం. బెల్లం పానకం చక్కెర నీళ్ళకన్నా చురుగ్గా పులిసేది కూడా ఇందుకే, బెల్లంలో కొన్ని ఖనిజాలు మిగిలి ఉంటాయి. ఫ్యాక్టరీల్లో నత్రజని, భాస్వరం ఉన్న డీఏపీ లాంటిది కొలిచి వేస్తారు. ఈ మాట చదివి పొలం డీఏపీ బస్తా విప్పేవాళ్ళు ఉంటారేమో, అది పైరుకు చేసిన ఎరువు, నోట్లోకి పోయేదాంట్లో వేసేది కాదు.

రెండో తప్పు రేకుల గది. బేకరీ ఈస్ట్ 25 నుంచి 32 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. 38 దాటితే దానికి కష్టం, అప్పటికే చుట్టూ ఆల్కహాల్ ఉంటే ఆ కష్టం రెట్టింపు. పాలమూరు ఎండలో రేకుల కింద మధ్యాహ్నం ఎంత ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. పైగా పులియడం అంటేనే వేడి పుట్టే పని, పొంగు మంచి ఊపులో ఉన్నప్పుడు డ్రమ్ము నడుమ గదికన్నా ఐదారు డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు. అంటే నీ ఈస్ట్ మూడో రోజు మధ్యాహ్నానికి ఉడికిపోయి ఉంటుంది.

ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. నేను పనిచేసిన చోట ఒక మే నెల రాత్రి చల్లనీళ్ళ పంపు ఆగిపోయింది, షిఫ్టులో ఉన్నవాళ్ళు తెల్లారేదాకా గమనించలేదు. పొద్దున నేను వచ్చి థర్మామీటర్ పెడితే ట్యాంకు 41 చూపించింది. ఒక చుక్క తీసి గాజు పలక మీద పెట్టి, మిథిలీన్ బ్లూ రంగు ఒక చుక్క కలిపి మైక్రోస్కోపు కింద చూశాను. బతికున్న ఈస్ట్ ఆ రంగును లోపల నిలవనీయదు, తెల్లగా, గుండ్రంగా, సగ్గుబియ్యం గింజల్లా కనబడుతుంది. చచ్చినది నీలం పట్టుకుంటుంది. ఆ రోజు నా కంటి ముందు గాజు పలకంతా నీలం. ముందు రోజు సాయంత్రం అదే ట్యాంకు చుక్కలో పది గింజల్లో తొమ్మిది తెల్లగా ఉన్నాయి. ఫ్యాక్టరీకి అది సరుకు నష్టం, నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సహించలేదు.

మూడోది పులుపు. పులిసేకొద్దీ ద్రవం ఆమ్లంగా మారుతుంది. పళ్ళరసంలోనో గంజిలోనో అయితే ఆ మార్పును కొంత ఆపే పదార్థాలు ఉంటాయి, ఉత్త చక్కెర నీళ్ళలో ఏమీ ఉండవు, పీహెచ్, అంటే పులుపును కొలిచే అంకె (ఎంత తగ్గితే అంత పులుపు), జారిపోతూనే ఉంటుంది, 3 దగ్గరికి వస్తే ఈస్ట్ చేతులెత్తేస్తుంది. వీడియోల్లో చక్కెరను నిమ్మరసంతో గంటసేపు మరిగించమని చెప్తుంటారు, చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారాలని. ఆ పని ఈస్టే చేసుకుంటుంది, దానికి ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంది. అలా మరిగిస్తే గ్యాసు దండగ, పైగా పులుపు మొదటి రోజే మొదలు.

ఆగిపోయిందో, అయిపోయిందో తెలుసుకోవడానికి నాలుక పనికిరాదు. హైడ్రోమీటర్ అని గాజు గొట్టం ఉంటుంది, ద్రవంలో వేస్తే తేలుతుంది, ఆ ద్రవం ఎంత చిక్కనో అంకెలో చూపిస్తుంది, ఉత్త నీళ్ళకైతే 1.000. నీ డ్రమ్ము మొదటి రోజు సుమారు 1.080 చూపించి ఉండేది, పూర్తిగా పులిస్తే నీళ్ళకన్నా పలచనై 0.990 దగ్గరికి దిగేది. ఇప్పుడు వేస్తే మధ్యలో ఎక్కడో నిలబడి ఉంటుంది.

ఇక కుక్కర్ సంగతి. తెలంగాణ ఎక్సైజ్ చట్టం 1968 ప్రకారం లైసెన్సు లేకుండా సారా కాచడం నేరం, 34వ సెక్షన్ కింద తయారుచేసినవాళ్ళ మీదే కాదు, దానికోసం సరుకు, సామాను దగ్గర పెట్టుకున్నవాళ్ళ మీద కూడా కేసు పెట్టొచ్చు. అచ్చంపేట వైపు, దేవరకొండ వైపు బెల్లం పానకం ధ్వంసం చేశారని పేపర్లో చదువుతుంటాం కదా, వోడ్కా అని పేరు పెట్టినంత మాత్రాన నీ డ్రమ్ము చట్టం కళ్ళకు వేరేగా కనబడదు. ఇంకోటి, చట్టం కన్నా నాకు ఎక్కువ భయం వేసేది నిప్పు. ఆల్కహాల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది, మూసిన వంటింట్లో స్టౌ మంట దాకా పోవడానికి ఎంతోసేపు పట్టదు. ప్రెషర్ కుక్కర్ మూతకు చిల్లు పెట్టి పైపు బిగిస్తే, ఆ పైపు ఒక్కసారి మూసుకుపోయిందంటే అది బాంబు. ఇంతా చేసి వచ్చేది వోడ్కా కూడా కాదు. వోడ్కాకు స్పిరిట్‌ను ఎత్తైన కాలమ్‌లో పదులకొద్దీ అంతస్తుల మీదుగా ఆవిరి చేసి, చల్లార్చి, మళ్ళీ ఆవిరి చేసి 96 శాతం దగ్గరికి తెస్తారు, ఆ తర్వాత నీళ్ళు కలుపుతారు. కుక్కర్‌లో దిగేది గుడుంబానే.

డ్రమ్ము గుంతలో పారబోయి, మీద మట్టి కప్పు. గొడ్లు తాగకుండా చూడు. నీకు నిజంగా సైన్స్ మీదే మనసు ఉంటే ఒక హైడ్రోమీటర్, ఒక థర్మామీటర్, పీహెచ్ కాగితాలు కొనుక్కుని రొట్టె పిండి మీద, ఇడ్లీ పిండి మీద రాసుకుంటూ పో. నాకు రాయి, నీ లెక్కలు నేను చూస్తాను. అమ్మకు నా నమస్కారం చెప్పు.

ప్రశ్న: మర్రిగూడ మండలం. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ నీళ్ళతో పిండి పులియబెడితే, లేదా మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందా?

జవాబు: పోదమ్మా. మరగబెడితే నీళ్ళు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అడుగున అలాగే ఉండి ఇంకా చిక్కబడుతుంది. పులిసినా అంతే. ఫ్లోరైడ్‌ను తీయడానికి పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది, నల్గొండ టెక్నిక్ అని. అయితే అది పాళ్ళు కొలిచి చేయాల్సిన పని, చెంచాతో ఉజ్జాయింపుగా వేసేది కాదు. ఇంటికి కృష్ణా నీళ్ళ నల్లా ఉంటే తాగడానికి, వంటకు, పిండికి అవే వాడండి. క్లోరిన్ వాసన వస్తే రాత్రంతా బిందె మీద పలచటి బట్ట కప్పి ఉంచండి, పొద్దుటికి చాలావరకు పోతుంది.

ప్రశ్న: పేరు రాయొద్దు. దేవరకొండ దగ్గర. మా ఆయన గుడుంబా తాగుతాడు. కాచేటోళ్ళు మొదటి చుక్కలు పారబోస్తామని, అప్పుడు విషమంతా పోతుందని చెప్తారు. నిజమేనా? నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు, ఏమైతదోనని టెన్షన్.

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

మొదటి చుక్కలు పారబోస్తే విషం పోతుందన్న మాట నమ్మొద్దు. వాళ్ళు చెప్పే విషం మిథనాల్. అది 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మనం మందు అనే ఇథనాల్ 78.3 దగ్గర, నీళ్ళు 100 దగ్గర. ఈ అంకెలు చూసి ముందు మిథనాల్ అంతా దిగిపోతుంది, తర్వాత మంచిది వస్తుంది అనుకుంటారు. విడివిడిగా కాస్తే అంతే. కలిసి ఉన్నప్పుడు అలా వరుసలో నిలబడి రావు, నీళ్ళతో, ఇథనాల్‌తో కలిసి మిథనాల్ మొదటి నుంచి చివరిదాకా కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా తెలుసుకో. చక్కెర, బెల్లం పులిస్తే మిథనాల్ దాదాపుగా పుట్టదు. పళ్ళ తొక్కల్లో, గుజ్జులో ఉండే పెక్టిన్ నుంచి కొంచెం పుడుతుంది, అంతే. మరి మనుషులు ఎందుకు చచ్చిపోతున్నారు? కాచేటప్పుడు పుట్టినదాని వల్ల కాదు, ఫ్యాక్టరీలకు పోవాల్సిన మిథనాల్‌ను ఎవరో డబ్బు కక్కుర్తితో తెచ్చి కలపడం వల్ల. 2022 జూలైలో గుజరాత్‌లో, 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో జరిగింది అదే, కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు. కలిపినదాన్ని రంగు చూసి, వాసన చూసి, కాల్చి మంట చూసి కనుక్కోలేం. నేను ల్యాబులో ఇన్నేళ్ళు పనిచేసి చెప్తున్నాను, మెషీన్ లేకుండా నేనూ కనుక్కోలేను.

గుడుంబా పానకంలో వేసే నవసారం సంగతి కూడా అడిగేవాళ్ళు ఉంటారు. అది అమ్మోనియం క్లోరైడ్, ఈస్ట్‌కు కావలసిన నత్రజని కొంత అందులోంచి దొరుకుతుంది కాబట్టి పానకం త్వరగా పొంగుతుంది, అందుకే వేస్తారు. కొలత లేకుండా గుప్పిళ్ళతో వేస్తారు, అదీ నా బాధ.

ఇది కాగితం మీద రాసి గోడకు పెట్టుకో. తాగిన తర్వాత వెంటనే ఏమీ కాకపోవచ్చు. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారడానికి టైమ్ పడుతుంది, 12 గంటలు, ఒక్కోసారి ఒక రోజు, దాంతోపాటు మామూలు మందు కూడా తాగి ఉంటే ఇంకా ఆలస్యం. తర్వాత కడుపులో నొప్పి, వాంతులు, తల తిరగడం, ఊపిరి వేగంగా పీల్చడం, చూపు మసకబారడం. కళ్ళ ముందు మంచు కురిసినట్టు ఉందని చెప్తే అసలు ఆలస్యం చేయొద్దు. రాత్రి అయినా సరే 108కి ఫోన్ చెయ్యి. ఎప్పుడు తాగాడో, ఎక్కడిది తాగాడో డాక్టర్‌కు దాచకుండా చెప్పు, సీసాలో మిగిలింది ఉంటే వెంట తీసుకుపో. కేసు అవుతుందని భయపడొద్దు, ఆ భయంతో ఆగిన గంటల్లోనే కళ్ళు పోతాయి. దీనికి ఆస్పత్రిలో విరుగుడు మందు ఉంది, రక్తం శుద్ధి చేసే డయాలసిస్ ఉంది. ఇంట్లో ఎవరో చెప్పారని మజ్జిగ, ఉప్పునీళ్ళు, ఇంకో పెగ్గు తాగించడం చేయొద్దు.

మీ ఆయన తాగుడు మానాలనుకుంటే జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడికి తీసుకుపో. మానమని ఒక్కసారిగా గదిలో పెట్టి గడియ పెట్టడం కూడా ప్రమాదమే, ఆ సంగతి కింద కల్లు ప్రశ్నలో చెప్పాను, చదువు.

ప్రశ్న: మిర్యాలగూడ, రైస్ మిల్లులో గుమస్తా. మా నూకలు స్పిరిట్ తీసే ఫ్యాక్టరీలకు పోతాయంటారు. వోడ్కా ఆలుగడ్డతో కదా చేసేది, బియ్యంతో ఎట్ల అవుతుంది?

జవాబు: ఆలుగడ్డతోనే చేయాలన్న నియమం ఏమీ లేదు. ప్రపంచంలో ఎక్కువ వోడ్కా గోధుమ, రై, మొక్కజొన్న లాంటి ధాన్యాలతోనే తయారవుతుంది, ఆలుగడ్డ వాటా తక్కువే. బియ్యం నూకల్లో ఉన్నది పిండిపదార్థం, ఈస్ట్ దాన్ని నేరుగా తినలేదు, అందుకని నూకల్ని ఉడకబెట్టి ఎంజైమ్‌లు వేసి ముందు చక్కెరగా విరగ్గొడతారు. అక్కడి నుంచి పై తమ్ముడి డ్రమ్ము కథే, కాకపోతే నూకల్లో ప్రోటీన్ ఉంటుంది కాబట్టి ఈస్ట్‌కు అంత ఆకలి ఉండదు. దాన్ని కాలమ్‌లో శుద్ధి చేస్తే వచ్చేదే ఈఎన్ఏ, అంటే రుచీ వాసనా లేని స్పిరిట్. మన దేశంలో దాన్ని నీళ్ళతో 42.8 శాతానికి దించి వోడ్కా అని సీసాలో పోస్తారు, యూరప్‌లో 37.5 కన్నా తగ్గకూడదు. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్ కూడా ఇక్కడ మందులోకి పోతుంది, సీసా లేబుల్ మీద ధాన్యం అని రాశారో లేదో చూడండి, తేడా తెలుస్తుంది.

ప్రశ్న: నకిరేకల్. రిటైర్డ్ టీచర్‌ను. చిన్నప్పుడు పొద్దున తాగిన కల్లు తియ్యగా ఉండేది, సాయంత్రానికి పులిసేది. ఇప్పుడు టౌన్‌లో ఎప్పుడు తాగినా ఒకటే రుచి. కల్తీ అని ఎట్లా తెలుసుకోవాలి?

జవాబు: సార్, మీరు తాగినది చెట్టు కల్లు, అందుకే దానికి పొద్దూ మాపూ తేడా ఉండేది.

మా నాన్న మోకు, ముస్తాదు కట్టుకుని తెల్లారకముందే తాడు, అంటే తాటిచెట్టు, ఎక్కేవాడు. గెల చివర కత్తితో పల్చగా, వెంట్రుక మందాన ఒక పొర గీసేవాడు, ఎక్కువ గీస్తే గెల ఎండిపోతుంది, తక్కువ గీస్తే కారదు. అప్పుడే గీసిన చోట కింద వేలు పెడితే ఊరే ఆ మొదటి చుక్క నీళ్ళలా తేటగా, తియ్యగా ఉండేది. అదే లొట్టిలోకి దిగి రెండు గంటలు గడిస్తే పాలరంగు తిరిగేది, చెవి దగ్గర పెట్టుకుంటే లోపల సన్నగా చిటపట వినిపించేది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

జరిగేది ఏమిటంటే, చెట్టు నీటిలో పది పన్నెండు శాతం దాకా చక్కెర ఉంటుంది, దాంతోపాటు ఈస్ట్‌కు కావలసిన అమైనో ఆమ్లాలు, ఖనిజాలు కూడా చెట్టే ఇచ్చి పంపుతుంది. ఈస్ట్ ఎవరూ కొనుక్కురారు, నిన్నటి లొట్టి గోడల్లోనే ఉంటుంది, గాలిలో, గెల మీద ఉంటుంది. చక్కెరను తినే బ్యాక్టీరియా కూడా కొన్ని తోడవుతాయి. అందుకే కొన్ని గంటల్లోనే నాలుగైదు శాతం ఆల్కహాల్‌కు చేరుతుంది. కల్వకుర్తి తమ్ముడి డ్రమ్ముకు నాలుగు రోజుల్లో రాని తెలివి ఈ లొట్టికి పుట్టుకతోనే ఉంది. ఆ తర్వాత పుల్లటి బ్యాక్టీరియా, చివరికి వెనిగర్ చేసే బ్యాక్టీరియా పని పట్టుకుంటాయి, రెండో రోజుకు ముక్కు పగిలే వాసన. పొంగు రాకుండా చేయాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, క్షారంలో ఈస్ట్ లేవదు, అదే నీరా. దించిన వెంటనే చల్లగా పెడితేనే అది నీరాగా మిగులుతుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు, అక్కడ తాగి చూడండి, మీ చిన్ననాటి పొద్దుటి కల్లు గుర్తొస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. రుచి చూసి కల్తీ కనుక్కోవడం కష్టం. క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, అల్ప్రాజోలం లాంటివి కలుపుతారు, తీపికి శాకరిన్, నురగకు ఇంకేదో. అయితే లెక్క వేసుకోవడానికి ఒక దారి ఉంది. చెట్టు ఏడాదంతా ఒకేలా కారదు. పోతుతాడు, పండుతాడు, ఈత దేని కాలం దానిదే, వానొస్తే పలచన, చలికి తక్కువ. చుట్టుపక్కల చెట్లు కనబడని చోట, ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా, రోజూ అదే రుచితో అన్నేసి సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నాకు తెలిసి ఇంతకన్నా మంచి పరీక్ష ఇంట్లో లేదు. గీసే మనిషిని మీరు ఎరిగి, చెట్టు మీ కళ్ళ ముందు ఉంటేనే తాగండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలా బిళ్ళలు కలిపిన మందు కల్లుకు ఏళ్ళ తరబడి అలవాటు పడినవాళ్ళు ఒక్కరోజులో ఆపేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఏదేదో మాట్లాడటం, ఫిట్స్ రావడం జరుగుతాయి. దుకాణాలు బంద్ అయిన వారాల్లో మన పాలమూరు ఆస్పత్రికి ఇలాంటి కేసులు రావడం కొత్త కాదు. అది పిచ్చి కాదు, దయ్యం కాదు, ఒంట్లోంచి ఆ బిళ్ళ మందు తగ్గడం వల్ల వచ్చేది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. తాయెత్తులు కట్టి, మంచానికి కట్టేసి టైమ్ పోగొట్టొద్దు.

కల్తీ చేసే దుకాణాన్ని తిట్టేటప్పుడు చెట్టెక్కే మనిషిని అందులో కలపొద్దని నా మనవి. ముప్ఫై అడుగుల ఎత్తున మోకు మీద ప్రాణం నిలబెట్టుకుని గీసేవాడికి, టౌన్‌లో టబ్బులో బిళ్ళలు కలిపేవాడికి సంబంధం లేదు. మా నాన్న తాడు మీది నుంచి ఒకసారి జారి నడుము విరగ్గొట్టుకున్నాడు, ఆరు నెలలు మంచంలో ఉన్నాడు, మళ్ళీ లేచి అదే చెట్టెక్కాడు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి. మా పాప తొమ్మిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కు సీసాలో చక్కెర, ఈస్ట్ వేసి బెలూన్ ఉబ్బించే ప్రయోగం చేస్తానంటుంది. ప్రమాదం ఏమైనా ఉందా? ఎంత చక్కెర వేయాలి?

జవాబు: తప్పకుండా చేయించండి, నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. ప్రమాదం ఒక్కటే, మూత. సీసాకు మూత బిగించకూడదు, బెలూన్ మాత్రమే తొడగాలి.

చక్కెర ఎంతో లెక్కేసి చెప్తాను. చక్కెర పులిస్తే దాని బరువులో సగానికి కాస్త పైగా బొగ్గుపులుసు వాయువు అవుతుంది. 20 గ్రాముల చక్కెర, అంటే ఐదు చెంచాలు, పూర్తిగా పులిస్తే మన ఎండాకాలం వేడిలో దాదాపు ఆరు లీటర్ల వాయువు వస్తుంది. అరలీటరు సీసాలో అది బిగుసుకుంటే ఏమవుతుందో ఊహించండి. మా ల్యాబులో ఒక కుర్రాడు తెలియక గాజు సీసాకు బిరడా బిగించి ఆదివారం ఇంటికి పోయాడు, సోమవారం పొద్దున పైకప్పులో గాజు ముక్క దిగి ఉంది. ఎవరూ లేకపోవడం అదృష్టం.

కాబట్టి పాపకు ఒక చెంచాకు కొంచెం ఎక్కువ, 5 గ్రాములు చాలు, లీటరున్నర దాకా వాయువు వస్తుంది, మంచి బెలూన్‌కు సరిపోతుంది. ప్లాస్టిక్ సీసాలో గ్లాసు నీళ్ళు, చెయ్యి పెడితే హాయిగా అనిపించేంత గోరువెచ్చగా, చక్కెర కరిగించి, అర చెంచా ఈస్ట్ వేసి తిప్పండి. బెలూన్‌ను ముందే నోటితో రెండుసార్లు ఊది వదలండి, రబ్బరు మెత్తబడుతుంది. గంట లోపే నిలబడటం మొదలుపెడుతుంది.

ఒకటి కాదు, మూడు సీసాలు పెట్టమనండి. ఒకటి నీడలో, ఒకటి మేడ మీద ఎండలో, ఒకటి ఐసు ముక్కల గిన్నెలో. గంటగంటకూ దారంతో బెలూన్ చుట్టుకొలత కొలిచి, పక్కన థర్మామీటర్ అంకె రాసుకోవాలి. ఎండలో పెట్టినది మొదట అన్నిటికన్నా ముందు ఉబ్బుతుంది, మధ్యాహ్నం దాటాక ఏమవుతుందో నేను చెప్పను, పాపనే చూసి నాకు రాయమనండి.